నడిచే రోబోకి ఎన్ని కాళ్లు: రెండా, నాలుగా, ఆరా?

చివరి సంవత్సరం ప్రాజెక్టు టైటిల్ ఇవ్వాల్సిన రోజులు వచ్చాయంటే అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో కొన్ని బ్యాచ్‌లైనా నడిచే రోబో వైపు చూస్తాయి. కుక్కలాంటిది చేద్దామా, సాలీడులాంటిదా, మనిషిలాంటిదా అని చర్చ మొదలవుతుంది. ఎక్కువమంది వీడియోలు చూసి, ఏది కంటికి నచ్చితే అది ఖాయం చేసేస్తారు. సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్లు) వచ్చి, త్రీడీ ప్రింట్లు వచ్చి, అన్నీ బిగించాక అది మొదటి అడుగుకే పక్కకి ఒరుగుతుంటే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి డబ్బులు అయిపోయి ఉంటాయి, రివ్యూ దగ్గర పడి ఉంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. ముందు ఆ రోబో నడవాల్సిన నేల చూడండి, తర్వాత కాళ్లు లెక్కపెట్టండి. కాళ్లు తగ్గేకొద్దీ మోటార్ల ఖర్చు తగ్గుతుంది, కానీ పడిపోకుండా చూసుకునే భారమంతా ప్రోగ్రాం మీద పడుతుంది. కాళ్లు పెరిగేకొద్దీ బ్యాలెన్స్ దానంతటదే వస్తుంది, కానీ మోటార్లు, బరువు, కరెంటు, వెడల్పు అన్నీ పెరుగుతాయి. ఈ రెంటిలో మీ బ్యాచ్ ఏ కష్టం పడగలదో తెలుసుకుని ఎంచుకోవాలి.

అసలు కాళ్లే కావాలా?

చదునైన చోట చక్రాన్ని మించింది లేదు. కర్నూలు సమీపంలో ఓర్వకల్లు వైపు ఉన్న 1000 మెగావాట్ల సోలార్ పార్కులాంటి చోట ప్యానెళ్ల వరసల మధ్య తిరుగుతూ ఫోటోలు తీసే రోబో కావాలంటే నాలుగు చక్రాలు పెట్టుకోవడమే మంచిది. అదే బ్యాటరీతో ఎన్నో రెట్లు దూరం పోతుంది. చక్రానికి నేల ఎడతెగకుండా ఉండాలి. కాలికి ఆ అవసరం లేదు, అక్కడక్కడా అడుగు పెట్టడానికి చోటు దొరికితే చాలు. గట్టు దాటాలి, మెట్లెక్కాలి, గుండ్ల మధ్య పోవాలి, మొక్కల్ని తొక్కకుండా చేలో తిరగాలి అంటే అప్పుడు కాళ్ల గురించి ఆలోచించాలి. నడకనే నేర్చుకోవడం మీ ఉద్దేశమైతే అదీ మంచి కారణమే. రిపోర్టులో ఆ మాటే సూటిగా రాయండి.

రెండు రకాల బ్యాలెన్స్

నేలకి ఆనిన పాదాల చుట్టూ ఒక గీత గీయండి. రోబో గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) నుంచి నిలువుగా కిందికి వచ్చే రేఖ ఆ గీత లోపల పడినంతసేపూ రోబో నిలబడుతుంది. బయటికి పోయిందంటే ఒరిగిపోతుంది. ఎప్పుడూ ఈ గీత లోపలే ఉంటూ నడిచేది నిలకడ నడక. ఏ క్షణంలో ప్రోగ్రాం ఆగినా రోబో ఆ భంగిమలో అలాగే నిలబడి ఉంటుంది.

రెండోది కదలికలోనే బ్యాలెన్స్ పట్టుకునే నడక. ఒరుగుతూ, పూర్తిగా పడేలోపు కాలు సరైన చోట వేసి ఆదుకోవడం. మనం నడిచేది ఇలాగే. దీన్ని యంత్రంలో స్పష్టంగా చూపించినవాడు మార్క్ రైబర్ట్. 1980లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లెగ్ ల్యాబ్ మొదలుపెట్టి, ఒంటికాలి మీద గెంతే రోబో చేశాడు. గెంతుతున్నంతసేపూ అది పడదు, ఆగితే పడిపోతుంది. దాని ప్రోగ్రాం చేసే పనులు మూడే: ఎంత ఎత్తు గెంతాలి, గాల్లో ఉండగా కాలు ఎక్కడికి చాపాలి, నేల తాకినప్పుడు ఒంటిని నిటారుగా ఎలా ఉంచాలి. ఇందులో రెండోదే కీలకం. ముందుకి ఎక్కువ ఒరిగితే కాలు ఇంకా ముందుకి వేయాలి. ఆయనే 1992లో బోస్టన్ డైనమిక్స్ పెట్టాడు. 2005లో వచ్చిన వాళ్ల నాలుగు కాళ్ల రోబో బిగ్‌డాగ్‌ని పక్క నుంచి తన్నితే తూలి, కాళ్లు పక్కకి వేసుకుని నిలదొక్కుకునే వీడియో చాలామంది చూసే ఉంటారు. అందులో పనిచేసిందీ ఈ సూత్రమే.

ఈ రెండో రకం మీకు అందుబాటులో ఉందా లేదా అన్నది ఒక చిన్న లెక్క తేల్చేస్తుంది. అరచేతిలో పొడుగాటి కర్రను నిలబెట్టడం ఎవరికైనా కాసేపట్లో వస్తుంది, పెన్సిల్‌ని నిలబెట్టడం రాదు. పొట్టిది త్వరగా పడుతుంది. ఎంత త్వరగా అంటే, గరిమనాభి ఎత్తుని గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీయండి. మనిషికి ఆ ఎత్తు సుమారు 1 మీటరు, జవాబు 0.32 సెకను. మీరు చేసే రోబోకి 20 సెం.మీ. అనుకుంటే 0.14 సెకను. ఒరగడం మొదలైందంటే, అంతసేపు గడిచేసరికి ఒరుగు రెండున్నర రెట్లకు పైగా పెరిగిపోతుంది.

ఇప్పుడు మీ మోటారు వైపు రండి. మన పిల్లలు ఎక్కువగా వాడే ఎంజీ996ఆర్ సర్వో 4.8 వోల్టుల దగ్గర 60 డిగ్రీలు తిరగడానికి 0.17 సెకను తీసుకుంటుంది, అదీ బరువేమీ లేనప్పుడు. దానికి సిగ్నల్ సెకనుకు 50 సార్లే వెళ్తుంది. అంటే ఆ 0.14 సెకనులో మీ ప్రోగ్రాం మోటారుకి ఇచ్చుకోగలిగే ఆజ్ఞలు ఏడు. పైగా సర్వో ఎంత బలంతో నెడుతోందో మీకు తిరిగి చెప్పదు. చిన్నది కదా సులువుగా ఉంటుందని అనుకుంటారు గానీ, బ్యాలెన్స్ విషయంలో చిన్నదే కష్టం. మిగతా సలహా అంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

రెండు కాళ్లు

నాలుగు చిన్న సర్వోలతో నడిచే ఒట్టో (Otto) అనే రోబో డిజైన్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తుంటి దగ్గర రెండు, మడమల దగ్గర రెండు. దాని రహస్యం పాదాలు. ఒంటికి తగ్గట్టు కాకుండా బాగా వెడల్పుగా ఉంటాయి, ఒక్క పాదం మీదికి ఒరిగినా గరిమనాభి ఆ పాదం లోపలే ఉంటుంది. అంటే చూడ్డానికి రెండు కాళ్లైనా అది చేసేది నిలకడ నడకే. స్కూలు పిల్లల ల్యాబ్‌కి, మొదటిసారి సర్వో పట్టుకున్నవాళ్లకి చాలా బాగుంటుంది. బండ మీద నడుస్తుంది, మట్టిలో నడవదు.

నిజంగా మనిషిలా, పక్షిలా నడవడం వేరే సంగతి. హోండా వాళ్ల మనిషి ఆకారపు రోబో అసిమో 2000లో వచ్చింది. పాదం కింద నేల ఇచ్చే తోపు ఏ బిందువు దగ్గర పనిచేస్తోందో లెక్కగట్టి, ఆ బిందువు పాదం అంచుకి పోకుండా కాపాడుకుంటూ నడిచేది. మోకాళ్లు కొంచెం వంచే నడిచేది. ఆ బిందువు ఆలోచన 1960ల చివర్లో సెర్బియా శాస్త్రవేత్త మియోమిర్ వుకోబ్రటోవిచ్ ఇచ్చింది. ఇంకోవైపు అమెరికాలో తయారైన క్యాసీ రోబో పెద్ద పక్షి కాళ్ల తీరులో ఉంటుంది. 2021లో 5 కిలోమీటర్లు 53 నిమిషాల్లో పరుగెత్తింది, 2022లో 100 మీటర్లు 24.73 సెకన్లలో. ఇంటి దగ్గర కోడిని గమనించండి. కాలు వెనక్కి మడిచినట్టు కనిపించే చోటు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. కోడి నిలబడేది వేళ్ల మీదే. క్యాసీ కాలి తీరు అర్థం కావాలంటే ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఒక్క సెమిస్టరులో, సర్వోలతో ఇలాంటిది చేస్తామని టైటిల్ ఇవ్వకండి. మీలో ఒకరికైనా కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టు మీద నిజమైన ఇష్టం ఉంటే, దాన్ని సిమ్యులేషన్‌లో చేయండి. ముజోకో సాఫ్ట్‌వేర్ 2022 నుంచి పూర్తిగా ఓపెన్ సోర్స్. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పడితే విరిగేది ఏమీ ఉండదు. రెండు కాళ్ల మీద అక్కడ చేసిన మంచి పని, టేబుల్ మీద ఊగిసలాడే బొమ్మ కన్నా ఎంతో విలువైనది.

నాలుగు కాళ్లు

ఎక్కువ బ్యాచ్‌లు ఎంచుకునేది ఇదే, నేనూ ఎక్కువమందికి ఇదే చెబుతాను. అయితే నాలుగు కాళ్ల మీద ఒక పెద్ద అపోహ ఉంది. నాలుగు కాళ్లున్నాయి కాబట్టి ఒకటి ఎత్తినా మూడు ఉంటాయి, మూడు కాళ్ల పీట ఎప్పుడూ పడదు అని. కాగితం మీద గీసి చూడండి. నాలుగు పాదాలు దీర్ఘచతురస్రం మూలల్లో ఉన్నాయి, గరిమనాభి సరిగ్గా మధ్యలో ఉంది. వెనక ఎడమ కాలు ఎత్తండి. మిగిలిన మూడు పాదాల త్రిభుజానికి ఒక అంచు ముందు ఎడమ నుంచి వెనక కుడికి పోయే కర్ణం. ఆ కర్ణం దీర్ఘచతురస్రం మధ్య బిందువు గుండానే పోతుంది. అంటే గరిమనాభి త్రిభుజం లోపల లేదు, సరిగ్గా అంచు మీద ఉంది. వైరు కాస్త అటు వేలాడినా, నేల కాస్త వాలుగా ఉన్నా ఎత్తిన కాలి వైపే ఒరుగుతుంది. మొదటి అడుగుకే పడిపోయిందని చెప్పే ప్రతి బ్యాచ్ రోబోలోనూ ముందు ఇదే వెతకాలి.

అందుకని కాలు ఎత్తేముందు ఒళ్లు జరపాలి. ఎటు జరపాలో, ఏ కాలు తర్వాత ఏ కాలు ఎత్తాలో జంతువులు ఎప్పుడో తేల్చుకున్నాయి. సాయంత్రం మంద ఇంటికి వచ్చేటప్పుడు నిదానంగా నడిచే గొర్రెను గానీ ఆవును గానీ ఒక్కదాన్నే చూస్తూ ఉండండి. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. వెనక కాలు వచ్చి ముందు కాలు ఉన్న చోటుకి దగ్గర్లో పడబోతుంది, ఆలోపు ముందు కాలు లేచిపోతుంది. ఈ వరసలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, ఒళ్లు ఒకసారి కుడికి జరిపితే ఎడమ వైపు రెండు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకోవచ్చు. తర్వాత ఒకసారి ఎడమకి జరిపితే కుడి రెండూ. నాలుగు అడుగులకి రెండు జరుపులే. ఒకటి ఎడమ, ఒకటి కుడి అని మార్చి మార్చి ఎత్తే వరస పెడితే అడుగడుక్కీ జరపాలి. మెక్‌గీ, ఫ్రాంక్ అనే ఇద్దరు పరిశోధకులు 1968లోనే, నిలకడగా పాకే నడకల్లో ఈ వరసకే ఎక్కువ నిలకడ ఉందని గణితంతో చూపించారు.

ఇలా ఒక్కో కాలే ఎత్తే ఈ పాకే నడక నిదానంగా ఉంటుంది. కాలు గాల్లో తిరిగి రావడానికి 0.3 సెకను, అడుగు 6 సెం.మీ. అనుకుందాం. ఒక పాదం నేల మీద ఉండేది మిగతా మూడు కాళ్లు వంతు తీర్చుకునేంతసేపు, 0.9 సెకను. అందులో ఒళ్లు 6 సెం.మీ. జరుగుతుంది. సెకనుకు 7 సెం.మీ. కూడా రాదు. ఎగ్జిబిషన్‌లో జనం ఇంతేనా అంటారు. అప్పుడు అందరూ దుడుకు నడకకి వెళ్తారు, ఎదురెదురు మూలల కాళ్లు జతగా లేచి పడే నడక. అవే మోటార్లతో సెకనుకు 20 సెం.మీ. వస్తుంది. కానీ అప్పుడు రోబో నిలబడేది ఒక గీత మీద. త్రిభుజం అనేదే లేదు. పైన చెప్పిన పడే సమయం ఇక్కడ పనికొస్తుంది. గరిమనాభి 15 సెం.మీ. ఎత్తులో ఉంటే ఆ సమయం 0.12 సెకను. కాలు 0.3 సెకను గాల్లో ఉంచితే ఈలోపు ఒరిగిపోతుంది. కాబట్టి అడుగు చిన్నది, త్వరత్వరగా ఉండాలి. కాలు గాల్లో ఉండేది 0.15 సెకనుకి మించకుండా, పాదం నేల మీంచి 2 సెం.మీ. మాత్రమే లేచేలా పెట్టుకుంటే సర్వోలతో కూడా ఈ నడక వస్తుంది. చూడ్డానికి పొట్టి పొట్టి అడుగులతో గునగునా పోతుంది, కానీ పోతుంది.

ఎనిమిది మోటార్లా, పన్నెండా? ఓపెన్‌క్యాట్ తరహా డిజైన్లలో కాలికి రెండు చొప్పున ఎనిమిది. స్పాట్‌మైక్రో తరహాలో కాలికి మూడు చొప్పున పన్నెండు. తేడా నాలుగు మోటార్ల ఖర్చే కదా అనిపిస్తుంది గానీ, ఆ నాలుగూ కాలిని పక్కకి చాపేవి. మేకలా నిటారు కాళ్లున్న ఎనిమిది మోటార్ల రోబో పక్కకి ఒళ్లు జరపలేదు. ముందుకీ వెనక్కీ మాత్రమే జరిపి నడవాలి, ఆ నడక ఊగుతూ ఉంటుంది. పక్క నుంచి తోస్తే కాలు పక్కకి వేసి ఆదుకునే దారి లేదు. నేల మీద, దుడుకు నడకతో సరిపెట్టుకుంటాం అనుకుంటే ఎనిమిది చాలు. బ్యాలెన్స్ మీదే ప్రాజెక్టు అయితే పన్నెండుకి తగ్గకండి. ఎంఐటీ వాళ్ల మినీ చీతా 9 కిలోల బరువుతో 2019లో వెనక్కి పల్టీ కొట్టింది. దానికీ పన్నెండు మోటార్లే. అవి సర్వోలు కావు. ఎంత బలంతో తిప్పాలో నేరుగా చెప్పగలిగే మోటార్లు. అనంతపురం నుంచి బస్సెక్కితే అందే దూరంలో బెంగళూరు ఐఐఎస్సీలో స్టోక్ పేరుతో నాలుగు కాళ్ల రోబోలు చేస్తున్నారు. వాళ్ల ప్రచురణలు చదవండి, మన చుట్టుపక్కలే జరుగుతున్న పని అది.

తొండా, మేకా

కాళ్ల సంఖ్య కన్నా ఎక్కువగా మరిచిపోయే ఎంపిక ఇది. తొండ కాళ్లు పక్కలకి చాపి ఉంటాయి, మేక కాళ్లు ఒంటి కిందే ఉంటాయి. తొండ తీరులో పాదాల మధ్య స్థలం పెద్దది, ఒళ్లు నేలకి దగ్గర, అంత తొందరగా పడదు. మేక తీరులో పడే ప్రమాదం ఎక్కువ, కానీ మోటారుకి సుఖం. పాదం కీలుకి ఎంత పక్కన ఉంటే అంత టార్క్ (తిప్పే బలం) కావాలి. 2 కిలోల రోబో రెండు కాళ్ల మీద ఉందనుకోండి, ఒక్కో కాలి మీద 1 కిలో. మేక తీరులో మోకాలు పాదానికి 5 సెం.మీ. పక్కన ఉంటే 5 కిలో-సెం.మీ. టార్క్ చాలు. తొండ తీరులో పాదం 10 సెం.మీ. పక్కన ఉంటే 10 కావాలి. ఎంజీ996ఆర్ 4.8 వోల్టుల దగ్గర ఇచ్చే గరిష్ఠం 9.4. ఆ గరిష్ఠం కూడా మోటారు బిగుసుకుపోయి ఆగిపోయే దగ్గరి లెక్క. రోజూ వాడుకోగలిగేది అందులో సగం లోపే అనుకోవాలి.

మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. బుడ్డల (వేరుశనగ) చేలో సాలుకీ సాలుకీ మధ్య సుమారు 30 సెం.మీ. ఉంటుంది, మొక్కలు పెరిగాక అంత కూడా ఖాళీ ఉండదు. మేక తీరు రోబోని 18 సెం.మీ. వెడల్పులో చేయొచ్చు. కాళ్లు చాపిన రోబో వెడల్పు 40 దాటుతుంది. ఆకుల ఫోటోలు తీసే రోబో అని టైటిల్ పెట్టి, మొక్కల మీదే నడిచేదాన్ని చేస్తే రివ్యూలో రైతు బిడ్డ అయిన ఏ సారైనా మొదట అడిగేది అదే.

ఆరు కాళ్లు

చీమ, బొద్దింక, పేడపురుగు నడిచే తీరు ఒకటే. ఒక పక్క ముందూ వెనకా కాళ్లు, రెండో పక్క మధ్య కాలు, ఈ మూడూ కలిసి నేల మీద ఉంటే మిగతా మూడూ గాల్లో ఉంటాయి. తర్వాత తారుమారు. గరిమనాభి ఎప్పుడూ త్రిభుజం నడుమనే ఉంటుంది. ఒళ్లు జరపక్కర్లేదు, సెన్సార్ అక్కర్లేదు. పైన వేసిన లెక్కే మళ్లీ వేస్తే, 0.3 సెకను, 6 సెం.మీ. అడుగుతో సెకనుకు 20 సెం.మీ. పోతుంది, అదీ పూర్తి నిలకడతో. నాలుగు కాళ్ల పాకే నడకకి మూడు రెట్లు. ఎంఐటీలో రోడ్నీ బ్రూక్స్ బృందం 1989లో చేసిన చెంగిజ్ అనే ఆరు కాళ్ల రోబో పన్నెండు మోటార్లతో, చాలా చిన్న కంప్యూటర్లతో అడ్డంకులు ఎక్కి దిగింది. ప్రోగ్రాంలో బలహీనంగా ఉన్న బ్యాచ్‌కి ఇదే దిక్కు అని చాలామంది గైడ్‌లు చెప్పడంలో న్యాయం ఉంది.

మరి కష్టం ఎక్కడంటే బరువులో. మామూలు డిజైన్లో కాలికి మూడు చొప్పున పద్దెనిమిది సర్వోలు. ఒక్కోటి 55 గ్రాములు, మోటార్ల బరువే కిలోకి 10 గ్రాములు తక్కువ. సర్వోలకి సిగ్నల్ పంపే పీసీఏ9685 బోర్డు పదహారింటికే, కాబట్టి రెండు బోర్డులు. 6 వోల్టుల దగ్గర ఒక్కో సర్వో బిగుసుకుంటే 2.5 ఆంపియర్లు లాగుతుంది, అన్నీ ఒక్కసారి లాగితే 45. మామూలు రెగ్యులేటర్ బోర్డు దానికి తట్టుకోదు. వోల్టేజ్ పడిపోయి కంట్రోలర్ రీసెట్ అవుతుంది, రోబో నడుస్తూ నడుస్తూ ఒక్కసారి కూలబడుతుంది. కోడ్‌లో తప్పు ఉందని రోజుల తరబడి వెతుకుతారు.

ఇంకోటి, ముఖ్యమైనది, మధ్య కాలు. మూడు కాళ్లు నేల మీద ఉన్నాయంటే బరువు మూడు సమాన భాగాలు అయిందనుకుంటారు. కాదు. ఒక పక్క రెండు కాళ్లున్నాయి, రెండో పక్క ఒక్కటే. గరిమనాభి మధ్యలో ఉంది కాబట్టి సగం బరువు ఆ ఒంటరి కాలిదే. 2.5 కిలోల రోబో అయితే మధ్య కాలి మీద 1.25 కిలో, మిగతా రెంటి మీద 0.625 చొప్పున. పాదం కీలుకి 10 సెం.మీ. పక్కన ఉంటే మధ్య కాలి సర్వోకి 12.5 కిలో-సెం.మీ. కావాలి. ఎంజీ996ఆర్ ఇవ్వలేదు. కాసేపు నడిపించి ఆపాక సర్వోలన్నిటినీ వేలితో తాకి చూడండి, మధ్య రెండు కాళ్లవి చురుక్కుమంటాయి. గేరు పళ్లు పోవాల్సి వస్తే ముందు పోయేవీ అవే. మధ్య కాళ్లకి మాత్రం ఎక్కువ టార్క్ ఉన్న సర్వోలు పెట్టుకోవచ్చు, లేదా పాదాలు లోపలికి తెచ్చుకోవచ్చు. రెండూ చేయలేకపోతే రోబో బరువు బాగా దించాలి.

ఆరు కాళ్లలోనే ఇంకో దారి ఉంది, దాన్ని మన కాలేజీల్లో అంతగా పట్టించుకోవడం లేదని నా బాధ. ఆర్‌హెక్స్ అనే రోబో 2000 ప్రాంతంలో అమెరికా, కెనడా యూనివర్సిటీల వాళ్లు కలిసి చేసింది. కాలికి ఒక్క మోటారే, మొత్తం ఆరు. కాలు అర్ధచంద్రాకారంలో వంగిన ఒక పట్టీ, గుండ్రంగా పూర్తిగా తిరుగుతుంది. మూడు కాళ్లు నేల మీద నిదానంగా తిరుగుతుంటే మిగతా మూడు గాల్లో వేగంగా చుట్టి వస్తాయి. రాళ్లు, గడ్డి, మెట్లు, అన్నిటి మీదా పోయింది. దీని వెనక బెర్క్‌లీలో రాబర్ట్ ఫుల్ బొద్దింకల మీద చేసిన పరిశోధన ఉంది. గతుకుల మీద పరుగెత్తే బొద్దింక ప్రతి అడుగూ ఆలోచించి వేయడం లేదు, కాళ్లకున్న స్ప్రింగు గుణమే కుదుపులని మింగేస్తోంది అన్నది అందులోంచి వచ్చిన పాఠం. బ్యాలెన్స్‌లో కొంత భాగం పదార్థంలోనే పెట్టేయొచ్చు. మన దగ్గర పాత పీవీసీ పైపుని నిలువునా కోసి కూడా ఆ అర్ధచంద్రం తయారు చేసుకోవచ్చు. మామూలు సర్వో దీనికి పనికిరాదు, అది 180 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. గేరు ఉన్న డీసీ మోటారు, అది ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ కావాలి.

అదే ఫుల్ ప్రయోగశాలలో తేలిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికన్ బొద్దింక పూర్తి వేగం అందుకున్నప్పుడు ఒళ్లు పైకెత్తి వెనక రెండు కాళ్ల మీదే పరుగెత్తుతుంది, సెకనుకు మీటరున్నర దాకా. ఆరు కాళ్లున్న జీవి కూడా తొందర పడితే నిలకడను వదులుకుంటుంది.

సాలీడు తరహా ఎనిమిది కాళ్ల గురించి ఎక్కువ చెప్పను. ఆరుతో రానిది ఎనిమిదితో వచ్చేది విద్యార్థి ప్రాజెక్టులో దాదాపు ఏమీ లేదు. ఒక్క మోటారుతో లింకులన్నీ తిరిగే క్లాన్ మెకానిజం బొమ్మలు మెకానికల్ డిప్లొమా వాళ్లకి మంచి పని, కానీ అడుగు తీరు ఒకటే, మలుపు కష్టం, బ్యాలెన్స్ నేర్చుకోవడానికి అవి కావు.

మీ నేలని బట్టి

కాలేజీ హాల్లో, ఎగ్జిబిషన్‌లో చూపించాలంటే పన్నెండు మోటార్ల నాలుగు కాళ్లది, మేక తీరు. కానీ మన హాళ్లలో వేసేది పాలిష్ పట్టిన కడప బండలు. త్రీడీ ప్రింట్ ప్లాస్టిక్ పాదం వాటి మీద జారుతుంది, పాదం జారితే మీరు లెక్కగట్టిన త్రిభుజం తప్పైపోతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క పాదానికి అతికించండి. ఇంత చిన్న పనికి నడకలో వచ్చే మార్పు చూసి ఆశ్చర్యపోతారు.

అనంతపురం ఎర్రనేలలో, గరుసు మీద, గట్ల మీద నడవాలంటే ఆర్‌హెక్స్ తరహా ఆరు కాళ్లు నా మొదటి ఓటు. చేలో సాళ్ల మధ్య తిరగాలంటే సన్నగా ఉండే నాలుగు కాళ్లది. దుక్కి దున్నిన మెత్తటి మట్టిలో సన్నటి పాదం దిగబడుతుంది. 1.5 సెం.మీ. అడ్డం ఉన్న పాదాన్ని 3 సెం.మీ.కి పెంచితే నేల మీద ఒత్తిడి నాలుగో వంతుకి తగ్గుతుంది. కర్నూలు, నంద్యాల వైపు రేగడి నేల అయితే తడి ఉన్నప్పుడు ఏ కాళ్లదీ దించకండి. అడుగడుక్కీ మట్టి అంటుకుని పాదం బరువెక్కుతుంది, కాలి చివర పెరిగే బరువు మోటారుని అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. ఎండాకాలం డెమో పెట్టుకుంటే బీటలు చూసుకోవాలి, సన్నటి పాదం వాటిలో ఇరుక్కుంటుంది.

బ్యాచ్‌లో అందరూ ప్రోగ్రాంకి కొత్తవాళ్లే, గడువు ఒక్క సెమిస్టరు అనుకుంటే ఆరు కాళ్లు, పద్దెనిమిది చిన్న సర్వోలతో, తేలికగా చేసుకోండి. కనీసం ఇద్దరికి కోడ్ మీద పట్టుండి, రెండు సెమిస్టర్ల గడువు ఉంటే నాలుగు కాళ్లు. ముందు పాకే నడక, అది కుదిరాకే దుడుకు నడక, ఆ తర్వాతే ఎంపీయూ6050 సెన్సార్‌తో వాలుని సరిచేయడం. ఈ వరస తప్పితే ఏది ఎందుకు పడుతోందో తెలియదు.

సామాన్లకి అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకి, కర్నూలు వాళ్లు హైదరాబాద్ కోఠికి వెళ్లడం మామూలే. మొదటిసారి వెళ్లినప్పుడు పన్నెండో పద్దెనిమిదో సర్వోలు ఒకేసారి తెచ్చేయకండి. మూడు తెచ్చుకుని ఒక్క కాలు మాత్రం చేయండి. దాన్ని టేబుల్ అంచుకి బిగించి, పాదం కింద వంటింటి తూకం మిషను పెట్టి, మీ రోబోలో ఆ కాలు మోయాల్సిన బరువు వచ్చేదాకా నొక్కించండి. అలాగే పది నిమిషాలు ఉంచండి. సర్వో వణికినా, వేలు పెట్టలేనంత వేడెక్కినా కాలు పొట్టి చేయాలి, లేదా మోటారు మార్చాలి. ఆ ఒక్క కాలు పది నిమిషాలు నిలిచాక మిగతావి కొనుక్కోండి, రెండు సర్వోలు అదనంగా.